పసుపు గొడుగుల పీలిక

ఇంకా ముగ్గురు మాట్లాడాలి. ముగ్గురయ్యాక నా పేరు పిలుస్తారు, పిలిచేది ఇంకెవరో కాదు, వేదిక మీద నడిమి కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చున్న ప్రొఫెసర్ ఎనోస్ జెరేనే. ముందున్న పళ్ళెంలోంచి బిస్కెట్లు ఒక్కొక్కటే తీసి నములుతున్నాడు. తిను నాయనా, తిను, కడుపారా తిను, నీకిక మిగిలింది ఇరవై నిమిషాలే. ఈ మనిషిని మొదటిసారి చూసినప్పుడు నాకు పదకొండేళ్ళు, అప్పుడూ ఇలాగే కుర్చీలో ఉన్నాడు, ఇలాగే ఏదో నములుతున్నాడు. పద్నాలుగేళ్ళు గడిచాయి, పొట్ట పెరిగింది, జుట్టు నెరిసింది, దవడ మాత్రం అలాగే ఆడుతోంది. లుసాకాలో అక్టోబరు ఎండ రేకుల కప్పులోంచి నెత్తి మీదికి దిగుతోంది, ఫ్యాన్లన్నీ పెద్దమనుషుల వైపే తిప్పి పెట్టారు, నా ఒళ్ళో ఉన్న కాగితం చెమటకు మెత్తబడింది. ఈ కాగితం బహుమతి తీసుకుంటూ చదవాల్సిన ఉపన్యాసమని పక్కవాళ్ళు అనుకుంటున్నారు. కాదు. కోర్టు రికార్డు నకలు. అందులో ఒక్క పంక్తి కింద ఎర్ర గీత గీసుకున్నాను, సాక్షి ముద్దాయిని ఎరగనని చెప్పాడు, అన్న పంక్తి.

బహుమతి ఏమిటంటే, లోకంలో ఎవరైనా వాడుకోవచ్చని తెరిచి పెట్టిన మొక్కల, జంతువుల వివరాలతో మంచి పరిశోధన చేసిన విద్యార్థికి ఏటా ఒకటి ఇస్తారు. ఈ ఏడు నాకు. చికాండా దుంపల మీద నా పరిశోధన, ఆ చిన్న ఆర్కిడ్ మొక్కలు ఏ చిత్తడి పచ్చికలో ఎన్ని ఉండేవి, ఇప్పుడెన్ని మిగిలాయి అని. ఎంపిక సంఘానికి అధ్యక్షుడు జెరే. నా వ్యాసం చదివి మెచ్చి ఇచ్చాడనుకుంటున్నారా? చివర్లో ఎవరి వివరాలు ఎన్ని వాడుకున్నానో పట్టిక ఉంటుంది, అది చూశాడు. జెరే సేకరణ, రెండు వందల పద్నాలుగు మొక్కలు, అందరికంటే పెద్ద అంకె. "ఇది కదా పని అంటే!" అన్నాడట సంఘంలో. తన పేరు కనిపించిన చోట చదవడం ఆపేసే మనిషి. ఇంకో రెండు పేజీలు తిప్పి ఉంటే అనుబంధం రెండు వచ్చేది, అది వచ్చి ఉంటే ఈ రోజు ఈ కుర్చీలో నేను ఉండేదాన్ని కాదు. తిప్పలేదు. నా అదృష్టం, వాడి ఖర్మ. వాడు అనకూడదు, పెద్దవాడు, ఆయన అనాలి. అంటాను, అంటాను, పైకి ఆయన అనే అంటాను.

నా మణికట్టు మీద చెయ్యి ఒకటి ఉంది, ఇందాకటి నుంచీ తీయలేదు. మా గైడు డాక్టర్ మిలిమో. మంచిది, పిరికిది. "లోంబే, తెర మీద చూపించే ఆ రెండో బొమ్మ తీసేశావు కదూ?" అని పొద్దున అడిగింది, కారు దిగుతూ అడిగింది, గుమ్మంలో అడిగింది. నేను తలాడించాను. ఎటు ఆడించానో ఆవిడ చూసుకోలేదు. కేప్‌టౌన్‌లో నాకు పీహెచ్‌డీ సీటు ఖాయమైంది, జెరే సంతకంతో ఒక సిఫారసు ఉత్తరం వెళ్ళాలి, నెలాఖరు లోపల. "ఉత్తరం వెళ్ళేదాకా ఓపిక పట్టవే తల్లీ, ఆ తర్వాత వాడి తల మీద రోకలి పెట్టి దంచుకో," అంది. ఓపిక. పద్నాలుగేళ్ళు పట్టాను మేడమ్, ఇంకెంత పట్టమంటారు? సీటు వచ్చాక ఉద్యోగం అంటారు, ఉద్యోగం వచ్చాక పిల్లలంటారు, ఈలోగా ఆయన పోతాడు, ఆయన పేర ఒక భవనం కడతారు, రిబ్బను కత్తిరించడానికి నన్నే పిలుస్తారు. మూడో వరుసలో పచ్చ తలగుడ్డ కనిపిస్తోంది. మా పెద్దమ్మ. రాత్రి బస్సెక్కి కసామా నుంచి వచ్చింది, ఒళ్ళో ప్లాస్టిక్ డబ్బా, అందులో ఆ దుంపల పిండితో వండిన చికాండా ముక్కలు కోసి తెచ్చింది. మా వాళ్ళలో పెద్దమ్మంటే అమ్మే, పిలుపు కూడా అమ్మనే. ఆవిడకు బహుమతి సంగతి చెప్పాను గాని ఇచ్చే మనిషి పేరు చెప్పలేదు. హాల్లోకి రాగానే వేదిక వంక చూసింది, చూసి తలగుడ్డ విప్పి మళ్ళీ గట్టిగా చుట్టుకుంది.

ఇద్దరయ్యారు, మూడో ఆయన లేచాడు, ఏదో కృతజ్ఞతలు. కసామాలో వాన మొదలైతే ఆపేవాడుండడు. నాకు పదకొండేళ్ళ ఏడు నవంబరులోనే పట్టుకుంది. జెరే పట్నం నుంచి జీపులో దిగాడు, అతిథి గృహంలో మూడు నెలలు గది, ఒక సహాయకుడు, ఆ సహాయకుడికి వారం తిరక్కుండా మలేరియా, ఇంటికి పంపేశారు. ఆయన బూట్లు కొత్తవి, మోకాళ్ళ దాకా ఉండేవి, మూడు నెలల తర్వాత కూడా కొత్తవిగానే ఉన్నాయి. చిత్తడిలో తొడల దాకా దిగి నడిచింది మా పెద్దమ్మ. తెల్లవారకముందే చిన్న పార పట్టుకుని వెళ్ళేది, పువ్వు విడవని మొక్క జోలికి వెళ్ళేది కాదు, కిందున్న రెండు దుంపల్లో ముడతలు పడ్డ పాతదాన్ని మళ్ళీ మట్టిలో గుచ్చి, చెయ్యి కడుక్కుని, తర్వాతే ఇంకోటి. చదువు లేదు, చీటీలు రాయలేదు. అందుకని నడుముకు చుట్టుకునే పాత చితెంగే గుడ్డలు పీలికలుగా చింపి, ఒక్కో పచ్చికకు ఒక్కో రకం గుడ్డ, మొక్క కాడకు ముడేసేది. ఎర్ర చేపల గుడ్డైతే కొండ వెనక పచ్చిక, నీలం చుక్కలదైతే రైలు కట్ట పక్కది. సాయంత్రం గోనెసంచి తెచ్చి వరండాలో కుమ్మరించేది. ఆయన కుర్చీలోంచి లేవకుండా బల్ల మీదున్న చిన్న పెట్టె మీట నొక్కేవాడు, ఉపగ్రహంతో మాట్లాడి మనమెక్కడున్నామో చెప్పే పెట్టె, అది చెప్పిన అంకెలు నోటుబుక్కులో రాసుకునేవాడు. "ఏం మరిదీ, కుర్చీకి వేళ్ళు దిగాయా? పీకి చూడనా, దుంప ఉంటుందేమో," అనేది పెద్దమ్మ. "నా దుంప నీకు అరగదు వదినా, కోతి మాంసం తిన్న పొట్ట నీది," అనేవాడు ఆయన. ఇద్దరూ పడీ పడీ నవ్వేవాళ్ళు. ఆయనది న్గోనీ తెగ, మాది బెంబా. తాతల కాలంలో నరుక్కున్నాం, ఆ తర్వాత రాజీపడి వేళాకోళం వరస కలుపుకున్నాం. న్గోనీ ఎక్కడ కనిపించినా మాకు బావే, మరిదే, వయసుతో పనిలేదు, చావింట్లో కూడా వాళ్ళు మమ్మల్నీ మేము వాళ్ళనీ ఏమైనా అనుకోవచ్చు, కోపం తెచ్చుకున్నవాడు ఓడిపోయినట్టు. ఆ వరసలో ఏ తిట్టుకైనా చోటుంది, ఒక్క మాటకు తప్ప. నువ్వెవరో నేనెరగనని అనకూడదు.

ఫిబ్రవరి తొమ్మిది. తేదీ ఎలా మరిచిపోతాను. అడవి కాపలావాళ్ళు పెద్దమ్మను దారిలో పట్టుకున్నారు, గోనెలో ముప్ఫై ఒక్క మొక్కలు, రక్షిత అడవిలో దుంపలు తవ్వడం నేరం. వాళ్ళ పని వాళ్ళు చేశారు, వాళ్ళ మీద నాకు కోపం లేదు. పెద్దమ్మ నవ్విందట కూడా. "పట్నం పెద్దాయన కోసం తవ్వాను బాబూ, ఆయన దగ్గర కాగితం ఉంది, అడగండి," అంది. కాగితంలో ఉన్నది జెరే పేరూ ఆ మలేరియా సహాయకుడి పేరూ, మూడో మనిషి తవ్వకూడదు, తవ్విస్తే అనుమతి రద్దు, అది రద్దైతే ఆయనకు రావాల్సిన పెద్ద పదవి గంగపాలు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పుడు తెలిసిందల్లా కోర్టులో బల్ల చివర కూర్చుని నేను చూసింది. ఆయనను నిపుణుడిగా పిలిచారు. నిలబడ్డాడు, గోనెలోంచి ఒక్కో మొక్కా తీసి లాటిన్ పేర్లు చెప్పాడు, ఎంత బాగా చెప్పాడు! ఆ కాడలకు కట్టిన పీలికలు వేళ్ళతో పక్కకు తోసి మరీ చెప్పాడు. మేజిస్ట్రేటు అడిగాడు, ఈ ముద్దాయి మిమ్మల్ని ఎరుగుదునంటోంది, మీరు ఎరుగుదురా అని. పెద్దమ్మ అప్పటికీ నవ్వు మొహంతోనే ఉంది, మరిది ఏదో పుల్లవిరుపు మాట అంటాడు, కోర్టంతా నవ్వుతుంది, ఇంటికి పోదాం అన్నట్టు. "నేనెరగను," అన్నాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "ఈవిడెవరో నాకు తెలియదండీ," అని ఇంకోసారి అన్నాడు. నాలుగు నెలలు. ఆ నాలుగు నెలల్లో చికాండా అమ్ముకునే చోటు ఇంకొకరు ఆక్రమించుకున్నారు, మా పెద్దనాన్న ఇల్లు వదిలి పోయాడు, పెద్దమ్మ మోకాళ్ళు జైలు గచ్చు మీద చెడిపోయాయి. తిరిగొచ్చాక బజారులో జనం దొంగతవ్వకాల ఆవిడ అనేవాళ్ళు. నేను రాత్రిళ్ళు పడుకుని ఆ మనిషిని ఎన్ని రకాలుగా చంపానో నాకే తెలియదు. బావిలో తోశాను, జీపు కింద వేశాను, చిత్తడిలో గొంతు దాకా దింపి పైనుంచి చూస్తూ చికాండా తిన్నాను. పదకొండేళ్ళ పిల్ల మనసుకు అంతకంటే ఏం తోస్తుంది.

చప్పట్లు. మూడో ఆయన ఇంకా దిగలేదు, నీళ్ళు తాగుతున్నాడు. తాగు, తొందరేం లేదు. అసలు నాకు ఈ పరిశోధనలోకి రావాలనే లేదు, లెక్కల టీచరు కావాలనుకున్నాను, మిలిమో మేడమే లాక్కొచ్చింది. నిరుడు జూన్‌లో కంప్యూటరు గదిలో కూర్చుని తెరిచి పెట్టిన వివరాలన్నీ దింపుకుని శుభ్రం చేస్తున్నాను, చేతిపని, బియ్యంలో రాళ్ళు ఏరడమే. రెండు వందల పద్నాలుగు మొక్కలు ఒకే చుక్క మీద పడ్డాయి. "ఇలా ఒకేచోట కుప్పపడితే తప్పు అంకెలని అర్థం, తీసెయ్," అంది మేడమ్. తీసేసే ముందు ఒకసారి ఆ చుక్కను పెద్దది చేసి చూశాను. కసామా. రోడ్డు. మామిడిచెట్టు. రేకుల కప్పు. వరండా. ఒక్కదాన్నే గదిలో గట్టిగా నవ్వాను. ఆయన కూర్చున్న చోటుకు ఉపగ్రహం రెండు వందల పద్నాలుగు సార్లు సాక్ష్యం చెప్పింది. తర్వాత ఒక్కో రికార్డుకూ ఉన్న ఫోటోలు తెరిచాను, అట్ట మీద అతికించిన ఎండు మొక్కల ఫోటోలు, సేకరించినవారు ఇ. జెరే, సేకరించినవారు ఇ. జెరే. కాడలకు పీలికలు అలాగే ఉన్నాయి. అతికించిన గుమాస్తాకు విప్పే ఓపిక లేకపోయింది, ఆ బద్ధకస్తుడికి దండం పెట్టాలి. అలా తెరుస్తూ తెరుస్తూ తొమ్మిదో తేదీ ఫిబ్రవరి అన్నదాని దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. పసుపు గొడుగులు. నలుపు మీద చిన్న చిన్న పసుపు గొడుగులు. ఆ గుడ్డతో నన్ను రెండేళ్ళు వీపున కట్టుకుని మోసింది పెద్దమ్మ, మా అమ్మ నన్ను కని పోతే. ఆ రోజు వేరే గుడ్డ లేక దాన్ని చింపింది. కోర్టులో బల్ల మీద పెట్టిన గోనె అది. ఆవిడను జైలుకు పంపి, ఆ దుంపలు పరిశోధనకు కావాలని అడిగి తీసుకుని, అట్టలకు అంటించి, తన పేరు రాసుకున్నాడు. ఎరగని మనిషి గోనెలోంచి.

ఫోను చూపించాను, సెలవుల్లో. పెద్దమ్మ కళ్ళు చికిలించి తెర మీద వేలితో తోస్తూ పోయింది. "ఇది కొండ వెనకది. ఇది రైలు కట్ట. ఇదిగో, ఈ ఆకుపచ్చది నా బిడ్డ కపెంబ్వా పుట్టినప్పుడు కొన్న గుడ్డ, పెద్ద వాగు అవతల." రెండు రోజుల్లో రెండు వందల మూడు మొక్కల అసలు చోట్లు చెప్పేసింది. పదకొండు నల్ల పీలికల దగ్గర మాత్రం ఫోను తిరిగి ఇచ్చేసింది. "ఇవి చెప్పను. నీ పుస్తకం లోకమంతా చూస్తుందన్నావుగా. చూసినవాళ్ళు గోనెలు పట్టుకుని వస్తారు." వ్యాసంలో ఆ పదకొండింటికీ చోటు ఖాళీగా వదిలేశాను, ఎందుకు వదిలానో కింద రాశాను. సేకరించిన మనిషి పేరు రాయాలమ్మా, నీ పేరేంటి అని అడిగాను. ఇరవై అయిదేళ్ళుగా ఆవిడ నాకు అమ్మ, ఊరికి కపెంబ్వా వాళ్ళమ్మ, అసలు పేరు నాకు తెలియదు, సిగ్గేసింది. "ఫెబీ కసొందే," అంది, చాలా ఏళ్ళ తర్వాత పలికినట్టు మెల్లగా. ఆ పేరు పట్టుకునే తర్వాత కోర్టు నకలు తీయించాను. అనుబంధం రెండులో రెండు వందల పద్నాలుగు వరుసలు, ప్రతి వరుసలో ఆ పేరు. కాని తెరిచి పెట్టిన అసలు జాబితాలో పేరు మారాలంటే సేకరణ యజమాని ఒప్పుకోవాలి, ఈవిడ నాకు తెలుసు, ఈవిడే తవ్వింది అని ఒక్క మాట అనాలి. "జైలు సంగతి వదిలెయ్యవే, అది ఎలాగో గడిచింది," అంది పెద్దమ్మ ఆ రాత్రి అన్నం తింటూ. "ఎరగనన్నాడు చూడు. అదే ఇప్పటికీ దిగలేదు."

మూడో ఆయన దిగాడు. జెరే లేచాడు, కోటు గుండీ పెట్టుకున్నాడు. నేను నాకొక ఒట్టు పెట్టుకున్నాను, ఎవరికీ చెప్పలేదు. పెద్దలున్న సభలో వేళాకోళం చిన్నవాళ్ళు మొదలుపెట్టకూడదు. పెద్దవాడు ఒక్క మాట విసిరాడా, ఇక ఏమన్నా చెల్లుతుంది. కోపంగా అరిస్తే నేను కృతఘ్నురాలిని, పొగరుబోతుని, బయటికి పంపించేస్తారు. బావా అని అంటే మాత్రం ఆయన నవ్వి తీరాలి. ఆయన ఏ సభలోనైనా బెంబాలను నాలుగు అంటించందే ఊరుకోడు, అది అలవాటు. ఇవాళ అంటే నాకు తలుపు తెరిచినట్టు. అనకపోతే మొదటి బొమ్మ ఒక్కటే చూపించి, వంగి దండం పెట్టి, ఉత్తరం తీసుకుని కేప్‌టౌన్ పోతాను. దేవుడా, అనేట్టు చెయ్యి. కాదు, అనకుండా చెయ్యి, సీటు పోతుంది. కాదు కాదు, అనిపించు. "మన దేశ యువ పరిశోధకుల కృషి," అంటూ కాగితం చూసి చదువుతున్నాడు, చప్పగా, పద్ధతిగా, ఒక్క హాస్యం లేదు. నా పేరు పిలిచాడు. మిలిమో మేడమ్ నా చెయ్యి వదిలింది. మెట్లెక్కాను, ప్రశంసాపత్రం నా చేతిలో పెట్టాడు, కెమెరాలు మెరిశాయి, అయిపోయింది, అనలేదు, పళ్ళు పటపటా కొరకాలనిపించింది. బొమ్మలు మార్చే మీట నాకిస్తూ పత్రం మీది పేరు ఇంకోసారి చూశాడు.

"కసుబా? బెంబా పిల్లవా ఏంటి? అయ్యో, ఎవరూ చెప్పరేం!" మైకు వైపు తిరిగాడు. "చూశారా అండీ, కోతుల్ని కాల్చుకు తినే ఇంట్లో పూలు లెక్కపెట్టే పిల్ల పుట్టింది! మన బిస్కెట్లు జాగ్రత్త!"

హాలంతా గొల్లుమంది. మిలిమో మేడమ్ కళ్ళు మూసుకుంది.

"ఏం చేస్తాం బావగారూ," అన్నాను మైకులో, నా గొంతు నాకే పెద్దమ్మ గొంతులా వినిపించింది. "మీ వాళ్ళంతా ఎలుకల్ని కాల్చుకు తిందామని కలుగుల ముందు కాపలా కూర్చుంటే పూలు ఎవరో ఒకరు లెక్కపెట్టాలి కదా. అండీ, మా బావగారు కసామాలో రెండు వందల పద్నాలుగు మొక్కలు సేకరించారు. అన్నీ ఒకేచోట. చూస్తారా?" మొదటి బొమ్మ దాటేసి రెండోదానికి మీట నొక్కాను. పటం, ఊరు, రోడ్డు, రేకుల కప్పు, వరండా. "అతిథి గృహం అండీ. కుర్చీ కింద మొలిచాయి అన్నీ!"

నవ్వు ఆగడం లేదు, వెనక వరుసల్లో కాళ్ళు నేలకేసి కొడుతున్నారు. జెరే కూడా నవ్వుతున్నాడు, నవ్వాలి మరి, జేబురుమాలు తీసి కళ్ళొత్తుకున్నాడు, చెవుల దగ్గర మాత్రం చెమట కారుతోంది. ఇంకోసారి నొక్కాను. తెర నిండా ఎండు మొక్క, కాడకు పసుపు గొడుగులు. "కుర్చీ కింద మొలిచినదానికి ఈ ముడి ఎవరు వేశారు బావగారూ? నన్ను మోసిన గుడ్డ ఇది. అదిగో, మూడో వరుసలో పచ్చ తలగుడ్డావిడ. ఆవిణ్ణి ఎరుగుదురా?"

చూశాడు. గుర్తుపట్టాడు, ఆ క్షణం నేను చూశాను, దవడ ఆగిపోయింది. మూడు వందల మంది నోళ్ళు తెరుచుకుని మరిది జవాబు కోసం చూస్తున్నారు, కెమెరా ఎర్ర దీపం వెలుగుతోంది. ఎరగనంటే వేళాకోళంలో కోపం వచ్చినవాడవుతాడు, అంతకంటే చిన్నతనం న్గోనీకి లేదు. నవ్వు మొహం మీదినుంచి జారిపోకుండా పట్టుకుని, "ఎరగకేం!" అన్నాడు. "మా వదినే! మూడు నెలలు ఆవిడ చేతి చికాండా తిని బతికాను. ఆవిడ తవ్వి మోసుకురాకపోతే నాకు ఒక్క మొక్కయినా దొరికేదా!"

చాలు. అడిగినదానికంటే ఎక్కువే. జనం చప్పట్లు కొడుతూ మూడో వరుస వైపు తిరిగారు, వదిన ఊరుకోదు కదా, ఏదో ఒకటి అనాలి. పెద్దమ్మ మోకాళ్ళు పట్టుకుని మెల్లగా లేచింది. వేదిక మీది మనిషిని పైనుంచి కింది దాకా చూసింది, కళ్ళు చికిలించి ఇంకోసారి చూసింది.

"ఎవరండీ ఈయన?" అంది. "నేనెరగనే."

హాలు పగిలిపోయేట్టు నవ్వారు. జెరే నవ్వుతూనే చెయ్యి వెనక్కి చాపి కుర్చీ కోసం తడుముకున్నాడు. పెద్దమ్మ నవ్వలేదు. కూర్చుని డబ్బా మూత తీసి, పక్కావిడకు ఒక చికాండా ముక్క పెట్టింది.